రిటైరయ్యాక ధ్యానం మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా? ముసలితనం గురించి బుద్ధుడు ఏం చెప్పాడు?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు నాలుగు మాటల్లో చెప్తాను. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు, అరవై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, షుగర్. పిల్లలిద్దరూ అమెరికాలో. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు, ఆ టైంలో ఫోన్‌లో బౌద్ధం మీద ప్రసంగాలు వింటున్నారు. ఇంట్లోవాళ్ళేమో "ముసలితనంలో దసరా పండగ" అని నవ్వుతున్నారు. ఈ వయసులో ఇవన్నీ వంటబడతాయా, అసలు బౌద్ధంలో ముసలితనం గురించి ఏముంది, పదిరోజుల విపశ్యన (బౌద్ధ ధ్యాన పద్ధతి) కోర్సుకి వెళ్ళొచ్చా అని అడిగారు.

నేను మీకన్నా ఓ పదేళ్ళు పెద్ద. చాలా ఏళ్ళుగా ధ్యానానికి కూర్చుంటున్నాను, ధ్యాన కేంద్రంలో సేవకి కూడా వెళ్తుంటాను, అంటే వంటింట్లో, భోజనాల దగ్గర, కొత్తవాళ్ళకి గదులు చూపించడం లాంటి పనులు. రిటైరై వచ్చేవాళ్ళని అక్కడ బాగా చూస్తాను. వాళ్ళలో ఎక్కువమంది ఒక ఆశతో వస్తారు: ధ్యానం చేస్తే నొప్పులు పోతాయి, మనసు ప్రశాంతంగా ఉంటుంది, వయసు మీద పడటం తెలియకుండా రోజులు వెళ్ళిపోతాయి అని. మీ ప్రశ్నలోనూ ఆ వాసన కొంచెం ఉంది, ఏమీ అనుకోకండి. ముందు దాని సంగతి చూద్దాం.

బుద్ధుడు ముసలివాడయ్యాడు. ఇది చాలామందికి తట్టదు, ఎందుకంటే మనం చూసే బొమ్మల్లో ఆయనకి ఎప్పుడూ ముప్ఫై ఏళ్ళే. పాళీ సూత్రాల్లో, అంటే పాళీ భాషలో ఉన్న ఆయన ప్రసంగాల్లో, అలా లేదు. శ్రావస్తిలో పూర్వారామం అనే విహారంలో ఓ సాయంత్రం ఆయన ధ్యానం నుంచి లేచి పడమటి ఎండలో వీపు కాచుకుంటూ కూర్చున్నాడు. వెంట ఉండి సేవ చేసే శిష్యుడు ఆనందుడు వచ్చి కాళ్ళూ చేతులూ ఒత్తుతూ, ఉన్నదున్నట్టు అనేశాడు: భంతే (అయ్యా), మీ ఒంటి ఛాయ మునుపటిలా లేదు, చర్మం వదులై ముడతలు పడింది, నడుం ముందుకు వంగింది, కళ్ళూ చెవులూ కూడా మారిపోయాయి. ఎవరైనా గురువుతో అలా అంటారా! బుద్ధుడు కోప్పడలేదు, "ఆత్మకి ముసలితనం లేదు నాయనా" అనీ అనలేదు. అంతేలే ఆనందా, యౌవనంలోనే ముసలితనం ఉంది, ఆరోగ్యంలోనే జబ్బు ఉంది, బతుకులోనే చావు ఉంది అన్నాడు. అక్కడితో ఆగకుండా ముసలితనాన్ని ఛీకొడుతూ ఒక పద్యం కూడా చెప్పాడు. ఎంత చక్కటి రూపాన్నైనా నలిపేస్తావు కదే అని.

ఆయనకి నడుం నొప్పి ఉండేది. ప్రసంగం మధ్యలో "నా నడుం నొప్పిగా ఉంది, కాసేపు వాలుతాను, మిగతాది నువ్వు చెప్పు" అని శారిపుత్రుడికో ఆనందుడికో అప్పజెప్పి పడుకున్న సందర్భాలు సూత్రాల్లోనే ఉన్నాయి. ఎనభయ్యో ఏట వైశాలి దగ్గర బేలువ గ్రామంలో వర్షావాసం (వానాకాలమంతా ఒకేచోట ఉండటం) ఉన్నప్పుడు చచ్చేంత జబ్బు చేసింది. కోలుకున్నాక ఆనందుడితో, నేను ముసలివాణ్ణయ్యాను, కట్లు కట్టి నెట్టుకొచ్చే పాత బండిలా ఈ ఒంటిని నడిపిస్తున్నాను అన్నాడు. లోతైన సమాధిలో ఉన్నప్పుడు మాత్రమే ఒంటికి కాస్త హాయిగా ఉంటోందనీ చెప్పాడు. అంటే మిగతా టైంలో హాయిగా లేదనేగా! జ్ఞానోదయమై నలభై అయిదేళ్ళయిన మనిషి మాట ఇది.

ఇంకొకటి చెప్తాను, ఈ వయసులో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఇదే. ఆయన ముఖ్య శిష్యులు శారిపుత్రుడు, మౌద్గల్యాయనుడు ఇద్దరూ ఆయన కన్నా ముందే పోయారు. తర్వాత వజ్జి దేశంలో గంగ ఒడ్డున ఉక్కాచేల అనే చోట భిక్షువుల మధ్య కూర్చుని, మౌనంగా ఉన్న సభను ఓసారి చూసి, వాళ్ళిద్దరూ లేక ఈ సభ నాకు ఖాళీగా కనిపిస్తోంది అన్నాడు. ఆ వెంటనే, వాళ్ళు పోయినా తథాగతుడికి (అంటే తనకి) శోకం లేదు అని కూడా అన్నాడు. ఖాళీగా ఉందన్నదీ నిజమే, శోకం లేదన్నదీ నిజమే. మనకి ఒకటి ఉంటే రెండోది ఉండకూడదనిపిస్తుంది, సాధన అంటే ఏమీ అనిపించకుండా పోవడం అనుకుంటాం కదా. మీ కొలీగ్స్ ఒక్కొక్కరు పోతున్నారని రాశారు, వాట్సాప్ గ్రూపులో వారానికో దండేసిన ఫోటో వస్తోందని. ఖాళీ ఖాళీగానే అనిపిస్తుంది, అందులో తప్పేం లేదు.

రథం ఎక్కి ఊరు చూడబోయి ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కథ మనందరం స్కూల్లో చదువుకున్నదే. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఒక్క ముసలివాణ్ణీ చూడకుండా ఉంటాడా అని అంబేడ్కర్ తన చివరి పుస్తకంలో సూటిగా అడిగారు. ఆ కథ నమ్మశక్యంగా లేదని పక్కనపెట్టి, రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగాదాను ఇల్లు విడవడానికి కారణంగా రాశారు. మన తెలుగు బౌద్ధుల్లో చాలామంది ఆ పుస్తకం ద్వారానే ఇటు వచ్చారు, వాళ్ళతో మాట్లాడితే ఈ సంగతి తప్పకుండా వస్తుంది. నిజానికి పాళీ సూత్రాల్లో ఆ రథం కథ గౌతముడి గురించి కాదు, ఎప్పటి వాడో విపస్సి అనే పూర్వ బుద్ధుడి గురించి ఉంది. గౌతముడు తన సొంత సంగతి చెప్పుకున్న చోట రథమూ లేదు, సారథీ లేడు. నాకూ ముసలితనం తప్పదు, అయినా ముసలివాళ్ళని చూస్తే నాకు చీదరగా ఉంది, ఇది నాకు తగునా అని ఆలోచించాననీ, ఆ ఆలోచనతో యౌవన మదం దిగిపోయిందనీ చెప్తాడు. అంతే. నాకైతే రథం కథ కన్నా ఇదే పదును.

అక్కడే ఇంకో రెండు మదాల పేర్లు కూడా చెప్పాడు, ఆరోగ్య మదం, జీవిత మదం. యౌవన మదం మనకి ఎలాగూ దిగిపోయింది. ఆరోగ్య మదం చూడాలంటే పొద్దున్న పార్కులో పెద్దవాళ్ళ బెంచీ దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు. "నాకు ఇప్పటికీ బీపీ లేదండీ", "నేను ఒక్క టాబ్లెట్ వేసుకోను", "మా నాన్నగారు తొంభై రెండు దాకా పళ్ళతో చెరుకు నమిలారు"... పక్కన స్టెంట్ వేయించుకున్న ఆయన మౌనంగా వింటుంటాడు. జబ్బు లేనందుకు సంతోషించడంలో తప్పు లేదు. అది నా గొప్పే అనుకున్నప్పుడే చిక్కు, రేపు రిపోర్టు తేడాగా వస్తే ఆ గొప్ప మొత్తం ఒకేసారి కూలుతుంది.

ఇక మీ ప్రశ్నకి సూటిగా తగిలే సూత్రం. నకులపిత అని ఓ గృహస్థు, భగ్గుల దేశంలో సుంసుమారగిరి దగ్గరివాడు. బుద్ధుడి దగ్గరికొచ్చి, భంతే, నేను ముసలివాణ్ణి, ఎప్పుడూ ఏదో ఒక జబ్బు, మిమ్మల్ని చూడ్డానికి రావడం కూడా కుదరట్లేదు, నాకు పనికొచ్చే మాట ఒకటి చెప్పండి అన్నాడు. ఆయన ఓదార్చలేదు. నిజమే, నీ ఒళ్ళు జబ్బుదే, ఇలాంటి ఒంటిని మోస్తూ క్షణమైనా నేను ఆరోగ్యంగా ఉన్నానని ఎవడైనా అంటే అది తెలివితక్కువతనమే, కాబట్టి గృహపతీ, ఒళ్ళు జబ్బు పడినా నా మనసు జబ్బు పడదు అని అభ్యాసం చెయ్యి అన్నాడు. ముసలాయన సంతోషంగా లేచి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి శారిపుత్రుడి దగ్గరికి వెళ్తే ఆయన, ముఖం వెలిగిపోతోందే, ఏం విన్నావు అని అడిగి, విన్నది చెప్పించుకుని, మరి అదెలాగో అడగలేదా అన్నాడు. అడగలేదు! మంచి మాట వినగానే పని అయిపోయిందనుకోవడం ఇరవై అయిదు వందల ఏళ్ళ క్రితమూ ఉంది. మీ యూట్యూబ్ ప్రసంగాల్లో కూడా ఎక్కువగా జరిగేది ఇదే.

శారిపుత్రుడు చెప్పిన "ఎలాగ" అనేది ఇది. ఈ ఒళ్ళే నేను, ఇది నాది అని పట్టుకున్నవాడికి, ఒళ్ళు మారినప్పుడల్లా ఏడుపు తప్పదు. అనుభూతులు, ఆలోచనలు, గుర్తులు, ఎరుక అన్నీ అంతే. పట్టు వదిలినవాడికి కూడా ఒళ్ళు మారుతుంది, కానీ ఏడుపు రాదు. వినడానికి వేదాంతంలా ఉంది కాబట్టి మోకాలి మీదకి తెచ్చి చూద్దాం. మెట్లు దిగుతున్నారు. మూడో మెట్టు దగ్గర కుడి మోకాలిలో సూది గుచ్చినట్టయింది. ఆ నొప్పి రెండు మూడు క్షణాలు. దాని వెనకే వచ్చేవి చూడండి: "నిన్నటికన్నా ఎక్కువైంది", "ఆపరేషన్ తప్పదేమో", "ఆపరేషనైతే చూసేవాళ్ళెవరు", "వాడు లీవు పెట్టి వస్తాడా", "వాళ్ళ నాన్న ఒక్కడే హాస్పిటల్లో పడుంటే వాడికేం పట్టదు". కింది మెట్టు దగ్గరికొచ్చేసరికి మోకాలు మామూలైపోయింది, కొడుకు మీద కోపం మాత్రం సాయంత్రం దాకా ఉంది. దీన్నే సూత్రాల్లో రెండు బాణాలని చెప్పారు. మొదటి బాణం ఒంటికి తగులుతుంది, అది జ్ఞానికీ తగులుతుంది. రెండోది మనసుకి తగులుతుంది, అది తగలక తప్పదనేం లేదు. మీరు నేర్చుకోవాల్సిందంతా ఆ మూడో మెట్టుకీ కింది మెట్టుకీ మధ్య ఏం జరుగుతోందో చూడటమే. దానికి పద్మాసనం అక్కర్లేదు, వయసు అడ్డం కాదు. నన్నడిగితే ఈ వయసే నయం, ఇరవై ఏళ్ళవాడికి ఇన్ని మొదటి బాణాలు దొరకవు.

ఆలస్యమైందా అన్నదానికి సూత్రాలు ఒకే మాట చెప్పవు. ముసలితనంలో సన్యాసం తీసుకున్నవాళ్ళలో చెప్తే వినేవాడు, విన్నది సరిగ్గా పట్టుకునేవాడు దొరకడం అరుదు అని బుద్ధుడే అన్నాడు, కాస్త చురక్కే. ధ్యాన కేంద్రంలో నేను చూసేదీ అదే. ఆఫీసర్లుగా చేసి వచ్చినవాళ్ళకి నేర్పడం కష్టం, వాళ్ళకి అన్నీ ముందే తెలుసు. ఊపిరి గమనించండి అంటే "ఇది మన ప్రాణాయామమేగా" అంటారు, ఇక పదిరోజులూ వాళ్ళు చేసేది ప్రాణాయామమే. బుద్ధుడి పద్యాల పుస్తకం ధమ్మపదంలో ఓ పద్యం ఉంది, ఏమీ నేర్చుకోనివాడు ఎద్దులా ముసలివాడవుతాడు, కండ పెరుగుతుంది, బుద్ధి పెరగదు అని. మన ఇళ్ళల్లో పిల్లల్ని తిట్టే తిట్టే అది, ఆయన పెద్దవాళ్ళకి వాడాడు. తల నెరిసినంత మాత్రాన పెద్ద కాడు అని ఇంకో పద్యం కూడా ఉంది.

మరోపక్క సోణ థేరి (థేరి అంటే పెద్ద భిక్షుణి) సంగతి ఉంది. పదిమంది పిల్లల్ని కని, పెంచి, ముసలితనంలో భిక్షుణి అయింది. ఆస్తి పంచుకున్నాక పిల్లలు పట్టించుకోలేదని వ్యాఖ్యానాలు చెప్తాయి. పడిపోతానేమోనని రాత్రిపూట చీకట్లో ఒక చేత్తో స్తంభం పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ ధ్యానం చేసేదట. పట్టుదలలో భిక్షుణులందరిలోకీ మొదటిది అని బుద్ధుడు పేరుపెట్టి చెప్పింది ఈవిడనే. రాధుడనే పేద బ్రాహ్మడు కూడా ముసలితనంలోనే వచ్చాడు, ముందు ఎవ్వరూ చేర్చుకోలేదు. అప్పుడెప్పుడో ఓ గరిటెడు అన్నం భిక్ష వేసినందుకు శారిపుత్రుడు గుర్తుపెట్టుకుని చేర్చుకున్నాడు. తనకన్నా చిన్నవాళ్ళు తప్పు చూపించినా రాధుడు తలవంచి వినేవాడట. అరుదు అన్నాడు కానీ అసాధ్యం అనలేదు, ఆ తేడా గమనించండి.

మీరు ట్రెజరీ మనిషి కాబట్టి ఇదీ చెప్పాలి. ఇవాళ మన దేశంలో విపశ్యన అంటే గుర్తొచ్చే గోయెంకా గారి గురువు ఊ బా ఖిన్ సన్యాసి కాదు, లెక్కల శాఖ మనిషి. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అకౌంటెంట్ జనరల్ అయ్యారు, ఉద్యోగం చేస్తూనే ధ్యానం నేర్పారు. గోయెంకా గారు 1969లో బర్మా నుంచి వచ్చి ముంబైలో పెట్టిన మొదటి కోర్సు ముఖ్యంగా తన తల్లిదండ్రుల కోసం. అంటే ఈ దేశంలో ఆ పద్ధతి మొదలైందే పెద్దవయసు వాళ్ళతో. మీ ఇంట్లోవాళ్ళు దసరా పండగ అన్నప్పుడు ఇది చెప్పొచ్చు, చెప్పకపోయినా పర్లేదు, వాదించి గెలిచే విషయం కాదు.

కానీ "ఇప్పుడు టైం దొరికింది కాబట్టి ఆధ్యాత్మికత" అనే ఆలోచన మీద నాకు అనుమానం. మనకి కృష్ణా రామా అనుకోవడానికి ఓ వయసుంది, అది వచ్చేదాకా ఏం చేసినా చెల్లుతుంది అనే అలవాటు. బౌద్ధ దేశాల్లో కూడా ఆచరణలో ఇంతే లెండి, శ్రీలంకలో పౌర్ణమికి విహారాల్లో తెల్లబట్టలు కట్టుకుని అష్టశీలాలు (ఎనిమిది నియమాలు) తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది అమ్మమ్మలూ తాతయ్యలే. దాన్ని తప్పుపట్టను. అయితే ఖాళీ టైం నింపుకోడానికి చేసేది ధ్యానమైనా సీరియల్ అయినా ఒకటే. బోధ్‌గయ, సారనాథ్, కుశీనగర్ ప్యాకేజీ టూరుకి వెళ్ళండి, బాగుంటుంది, ఆ చోట్లు చూడమని బుద్ధుడే చివర్లో చెప్పాడు. కానీ తిరిగొచ్చి గ్రూపులో ఫోటోలు పెట్టి "ఎంతో ప్రశాంతత" అని రాసిన మనిషి మర్నాడు పనిమనిషి ఆలస్యంగా వచ్చిందని అరిస్తే, ఆ టూరు లీవ్ ట్రావెల్ కన్సెషన్‌తో సమానం.

ఇంకో హెచ్చరిక, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. ధ్యానంతో షుగర్ పోయింది, మందులు మానేశాను, కీళ్ళు కొత్తవయ్యాయి అని చెప్పేవాళ్ళ వీడియోలు ఆపెయ్యండి. జబ్బుపడ్డ భిక్షువుల కోసం వినయ నియమాల్లో (భిక్షువులు పాటించాల్సిన నియమాల్లో) మందుల మీద ఒక అధ్యాయమే ఉంది, నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం దగ్గర్నుంచి వేర్లూ ఆకులూ దాకా. విరేచనాలతో ఎవరూ పట్టించుకోకుండా తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువుని బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత మిగతావాళ్ళని పిలిచి, నాకు సేవ చెయ్యాలనుకునేవాళ్ళు రోగికి సేవ చెయ్యండి అన్నాడు బుద్ధుడు. థాయ్‌లాండ్‌లో అజాన్ చా అని పెద్ద ధ్యాన గురువు. 1981లో మెదడుకి ఆపరేషన్ జరిగింది, ఆ తర్వాత మాట పడిపోయి, కదల్లేక, 1992లో పోయేదాకా సుమారు పదేళ్ళు మంచంలోనే ఉన్నారు. శిష్యులు వంతులు వేసుకుని ఆయన్ని తిప్పడం, కడగడం, తినిపించడం చేశారు. అంతటి సాధకుడికి ఎందుకలా అయింది అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒళ్ళు ఉంటే అవుతుంది, అంతే. ధ్యానం ఇన్సూరెన్స్ పాలసీ అనుకున్నవాళ్ళకే ఆ ప్రశ్న వస్తుంది.

ఆరోగ్యానికి పనికొచ్చేది సూత్రాల్లో ఏదీ లేదా అంటే, ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు కుంచాలకొద్దీ అన్నం తిని ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికొచ్చాడు. తినేటప్పుడు ఎరుక ఉండి మితం తెలిసినవాడికి బాధలు తగ్గుతాయి, నెమ్మదిగా ముసలివాడవుతాడు అని ఆయనో పద్యం చెప్పాడు. రాజు ఏం చేశాడంటే, వెనక నిలబడ్డ ఓ కుర్రాడికి ఆ పద్యం నేర్పించి, నేను అన్నానికి కూర్చున్నప్పుడల్లా చదువు, రోజుకి వంద కహాపణాలు (అప్పటి నాణేలు) ఇస్తా అన్నాడు. క్రమంగా తిండి తగ్గింది, ఒళ్ళు తేలికైంది, తన ఒంటిని తనే నిమురుకుని మురిసిపోయాడు. మీ రెండోసారి అన్నం దగ్గర మీ ఆవిడ చదివే పద్యం కూడా ఇదేననుకుంటాను, అదీ ఫ్రీగా. నడక గురించీ చెప్పాడు: నడిచే ధ్యానంతో ప్రయాణాలకి ఓపిక వస్తుంది, తిన్నది అరుగుతుంది, జబ్బులు తగ్గుతాయి, నడుస్తూ కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది అని. మోకాళ్ళు మడవలేనివాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే. వరండాలో పది పన్నెండు అడుగుల జాగా చాలు. అటు వెళ్ళి, ఆగి, తిరిగి, ఇటు రావడం. పాదం లేస్తోంది, ముందుకి వెళ్తోంది, ఆనుతోంది, అదొక్కటే చూడండి. చెవిలో ప్రసంగం వద్దు.

పిల్లల గురించి రాసినచోట మీ బాధ తెలుస్తోంది. మమకారం వదిలెయ్యమని బౌద్ధం చెప్తుందా అని అడిగారు. దీనికో కథ. శ్రావస్తిలో ఒకప్పుడు బాగా డబ్బున్న బ్రాహ్మడు చిరిగిన బట్టల్లో వచ్చాడు. ఏమిటిలా ఉన్నావంటే, నలుగురు కొడుకులూ కోడళ్ళతో కలిసి ఇంట్లోంచి వెళ్ళగొట్టారన్నాడు. బుద్ధుడు వైరాగ్యం బోధించలేదు. ఓ పద్యం కట్టి, కొడుకులు కూర్చున్న సభలో నిలబడి ఇది చదువు అని పంపాడు. కొడుకుల కన్నా నా చేతికర్ర నయం, పొగరు ఎద్దునీ కుక్కనీ అదిలిస్తుంది, చీకట్లో ముందు నడుస్తుంది, లోతులో ఆసరా ఇస్తుంది అని. విన్న కొడుకులు సిగ్గుపడి ఇంటికి తీసుకెళ్ళి, స్నానం చేయించి, తలా ఓ జత బట్టలు పెట్టారు. అన్యాయం జరిగితే నోరు మూసుకుని భరించడం సాధన కాదని నేను దీన్నించి తీసుకున్నాను. ఇప్పుడైతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఉంది, అవసరమైనవాళ్ళు వాడుకోవాలి. మీకు ఆ అవసరం లేదు. మీ పిల్లలు వారానికోసారి ఫోన్ చేస్తున్నారు, మీరు రోజూ ఎదురుచూస్తున్నారు, తేడా అక్కడుంది. ఆదివారం తొమ్మిదింటికి రావాల్సిన ఫోన్ తొమ్మిదిన్నర దాకా రాలేదు, ఆ అరగంటలో మనసు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చూడండి. మమకారం వదలడం సంగతి తర్వాత, ముందు దాన్ని దగ్గరగా చూడటమే పెద్ద పని.

మీ ఆవిడ గురించి ఒక్క వాక్యమే రాశారు, "ఆమెకి ఇవన్నీ ఇష్టం లేదు" అని. ఇందాక చెప్పిన నకులపితకి భార్య ఉంది, నకులమాత. ఆయనకి ఓసారి ప్రాణం మీదకొస్తే ఆవిడ మంచం పక్కన కూర్చుని చెప్పిన మాటలు ఓ సూత్రంగా ఉన్నాయి. మనసులో దిగులు పెట్టుకుని పోకండి, నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని దువ్వడం వచ్చు, మీరు లేకపోయినా పిల్లల్ని సాకుతాను, ఇల్లు నడుపుతాను, ధర్మం తప్పను అంటుంది. ఆయన దిగులు తీరి కోలుకుని, కర్ర పట్టుకుని బుద్ధుడి దగ్గరికి నడిచొచ్చాడు. మీరిద్దరూ ఇలా ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పెన్షన్ కాగితాలు చూశారు, మీ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఆమెకి తెలుసా, లాకర్ తాళం, నామినీ పేర్లు, బ్యాంకు ఫోన్‌లో ఎలా చూడాలో తెలుసా? ఓ మధ్యాహ్నం కూర్చుని ఆమె చేతే అన్నీ ఓసారి చేయించండి. అశుభం మాటలు ఇప్పుడెందుకు అంటుంది, ముందు మా ఇంట్లోనూ అదే అన్నారు. ఏటా "నేను బతికే ఉన్నాను" అని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా, మరణానుస్మృతికి, అంటే చావుని గుర్తుచేసుకునే ధ్యానానికి, సర్కారువారు చేసిన ఏర్పాటు అనుకోండి అది. ఆమె ధ్యానానికి రాకపోయినా ఈ పని ఇద్దరికీ ధ్యానమే.

రాత్రి మూడింటికి మెలకువ గురించి. ముందు డాక్టర్‌కి చెప్పండి, షుగర్ ఉన్నవాళ్ళకి రాత్రి లేవడానికి వేరే కారణాలుంటాయి. అది చూపించుకున్నాక కూడా మెలకువ వస్తుంటే ఫోన్ తియ్యకండి, ధర్మ ప్రసంగమైనా సరే. పడుకునే ఉండి, ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ చూడండి. నిద్ర పట్టాలని చూడొద్దు, పడితే పట్టింది. మన కృష్ణా తీరానికి పేరు తెచ్చిన బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు శాతవాహన రాజుకి రాసినట్టు చెప్పే లేఖలో ఓ మాట ఉంది: గాలికి ఊగే నీటి బుడగ కన్నా నిలకడ లేనిది ఈ బతుకు, వదిలిన ఊపిరి మళ్ళీ పీల్చడం, పడుకున్నవాడు మళ్ళీ లేవడం, అదే ఆశ్చర్యం అని. మూడింటికి లేచినప్పుడు దీన్ని తలుచుకుంటే కొందరికి భయం వేస్తుంది, కొందరికి తేలికవుతుంది. భయం వేస్తే వదిలేసి, మంచం మీద ఒళ్ళు ఎక్కడెక్కడ ఆనుతోందో చూడండి చాలు. మూడున్నరకి వచ్చే ఆలోచనలేవీ నమ్మొద్దు, ఏ నిర్ణయమైనా కాఫీ అయ్యాకే.

కోర్సు విషయం. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రం 1976లో మొదలైంది, ఇక్కడి పాత కేంద్రం అదే. నాగార్జునసాగర్‌లో ఒకటుంది, ఏలూరు వైపు విజయరాయిలో ఒకటుంది. ఫీజు లేదు, కోర్సు అయ్యాక మీకు తోచింది ఇవ్వచ్చు. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి పది గంటల దాకా కూర్చోవాలి, మాటలుండవు, ఫోన్ ముందే ఇచ్చెయ్యాలి. కుర్చీ అడిగితే ఇస్తారు, సిగ్గుపడకండి, కింద కూర్చున్నవాడికి ఎక్కువ పుణ్యమేం రాదు. అప్లికేషన్‌లో ఆరోగ్యం గురించి అడిగినచోట షుగర్, వేసుకునే మందులు, ఎప్పుడైనా డిప్రెషన్‌కి వాడిన మందులు ఉంటే అవీ, అన్నీ రాయండి. "రాస్తే సీటు ఇవ్వరేమో" అని దాచేవాళ్ళని చూశాను, నాలుగోరోజుకల్లా ఇబ్బంది పడేది వాళ్ళే. రాత్రి భోజనం ఉండదు, కొత్తవాళ్ళకి సాయంత్రం టీ, పళ్ళు, మరమరాల్లాంటివే. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు దీని గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడాలి, కేంద్రం వాళ్ళకీ చెప్పాలి, మీ మందులు మీరు మామూలుగా వేసుకోవాలి.

మోకాలికి ఎమ్మారై తీయించమన్నారని రాశారు కదా, ముందు అది కానివ్వండి. ఈలోగా వరండాలో నడక పొద్దునా సాయంత్రం ఇరవై నిమిషాలు, కుర్చీలో ఊపిరి చూడటం ఇంకో ఇరవై నిమిషాలు, రెండు నెలలు చేసి చూడండి. ఒకవేళ డాక్టర్ ఆపరేషన్ అంటే కోర్సు తర్వాతకి పెట్టుకోండి, ఫిజియోథెరపీ వాళ్ళు కాలు వంచించేటప్పుడు ఆ రెండు బాణాల సంగతి బాగా తెలుస్తుంది. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి. కింద కూర్చోవడం ఇక కుదరదని తేలితే పదిరోజులూ కుర్చీలోనే గడిపిన మా పెద్దవాళ్ళు వీపుకి, పాదాల కిందకి ఏమేం పెట్టుకుంటారో అడిగి చెప్తాను.